లాట్ పుల్‌డౌన్ (జిమ్‌లో కూర్చుని తలపైన ఉన్న బార్‌ని కిందికి లాగే వ్యాయామం) చేసేటప్పుడు బార్‌ని మెడ వెనక్కి లాగాలా, ఛాతీ ముందుకి లాగాలా?

చాలామందికి ఛాతీ ముందుకి లాగడమే మంచిది. మెడ వెనక్కి లాగితే వీపుకి అదనంగా వచ్చే లాభం పెద్దగా ఉండదు, భుజానికి మాత్రం రిస్క్ పెరుగుతుంది.

భుజం కీలులో గుంట లోతు తక్కువ, అందులో తిరిగే చేతి ఎముక తల పెద్దది. దాన్ని జారకుండా పట్టి ఉంచేది ఎక్కువగా చుట్టూ ఉన్న లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు), రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు. బార్ మెడ వెనక్కి రావాలంటే మోచేతులు పక్కలకి తెరుచుకుని, చెయ్యి బయటివైపు దాదాపు చివరిదాకా తిరగాలి. ఆ స్థితిలో బరువు పడితే కీలు ముందుభాగం సాగిపోతుంది.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని భుజాలు ముందుకి ఒంగిపోయినవాళ్లని తీసుకోండి. వాళ్ల భుజం అంత వెనక్కి తిరగదు. అందుకే బార్ వెనక్కి దిగేలోపే తల ముందుకి వంచేస్తారు, గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడ మీదా భారం పడుతుంది. వాళ్లే కొద్దిగా వెనక్కి వాలి, భుజాల కంటే కాస్త వెడల్పుగా పట్టుకుని, మోచేతుల్ని కిందికి దించుతూ బార్‌ని కాలర్ బోన్ దగ్గరికి తెస్తే పని వీపు కండరాలకే చేరుతుంది.

వెనక్కి లాగితేనే వీపు వెడల్పవుతుందన్నది అపోహ. లాటిసిమస్ (వీపుకి రెండు పక్కలా ఉండే పెద్ద కండరం) పని పైకెత్తిన చేతిని ఒంటివైపు దించడం. బార్ తలకి ఏ వైపు వచ్చినా ఆ పని జరుగుతుంది. ఇంకోటి, భుజం ముందువైపు గుచ్చినట్టు నొప్పి వస్తే అది కండరం బాగా పనిచేస్తోందన్న గుర్తు కానే కాదు, సెట్ అక్కడే ఆపేయండి.