దోగాడకుండానే నడిచాడు... చదువులో వెనకబడటానికి అదే కారణమా?

ప్రశ్న: మాది హైదరాబాద్. బాబుకు ఏడున్నరేళ్లు, రెండో తరగతి. అక్షరాలు వంకరటింకరగా రాస్తాడు. బోర్డు మీద ఉన్నదాంట్లో సగమే నోట్సులోకి ఎక్కుతుంది. కుర్చీలో నిటారుగా కూర్చోలేక బల్ల మీదికి వాలిపోతాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాడు. ఇప్పటికీ వారంలో రెండు మూడు రాత్రులు పక్క తడుపుతాడు. టీచర్ చెబితే ఒక థెరపీ సెంటర్‌కు తీసుకెళ్లాం. వాడిని మోకాళ్లూ అరచేతుల మీద ఉంచి, తల అటూ ఇటూ తిప్పి చూసి, ‘పసితనపు రిఫ్లెక్సులు పోలేదు. మోరో, ఏటీఎన్నార్, గ్యాలంట్ మూడూ మిగిలే ఉన్నాయి’ అన్నారు. సిజేరియన్ కావడం, దోగాడకుండా నడవడం, వాకర్‌లో వేయడం కారణాలట. అరవై సెషన్లు, లక్షా ఇరవై వేలు, అదీ ముందే కట్టాలి. మా నాలుగు నెలల పాప కూడా చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతుందంటే, తననీ తెమ్మన్నారు. మావారేమో ‘చిన్నప్పుడు నేనూ అంతే, అదే సర్దుకుంటుంది’ అంటారు. అత్తగారు ‘నొప్పులు పడలేక ఆపరేషన్ చేయించుకుంది, దాని ఫలితమే ఇది’ అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారు. గాజులు కుదువపెట్టయినా డబ్బు కడదామనుకుంటున్నా. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. నా వల్లే వాడికిలా అయిందా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కాదు, మీ వల్ల కాదు. రెండోది, గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను. ఇది మీవారికీ, వీలైతే అత్తగారికీ చదివి వినిపించండి.

పుట్టిన బిడ్డకు తన ఒంటి మీద తనకు పట్టుండదు. అందుకే కొన్ని కదలికలు మెదడు అడుగుభాగం నుంచి వాటంతటవే జరిగిపోతాయి. వాటినే రిఫ్లెక్సులు అంటారు. బుగ్గ తాకితే రొమ్ము కోసం నోరు అటు తిప్పడం, అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకోవడం అలాంటివే. తల వెనక్కి వాలినట్టనిపించినా, పెద్ద చప్పుడైనా చేతులు రెండూ విప్పి మళ్లీ దగ్గరకు తీసుకుని ఏడవడాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. ఎర్నెస్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు 1918లో దాన్ని వర్ణించాడు. తల ఒక పక్కకు తిప్పితే ఆ పక్క చెయ్యి చాచుకుని, రెండో చెయ్యి మడుచుకునేది ఏటీఎన్నార్. వెన్నుకు ఒక పక్కన రాస్తే నడుము అటు వంపు తిరిగేది గ్యాలంట్. మెదడు పైభాగం ఎదిగేకొద్దీ వీటిని అదుపులోకి తీసుకుంటుంది. మోరో, ఏటీఎన్నార్ ఇంచుమించు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కనిపించకుండా పోతాయి. బిడ్డ బోర్లా పడటం, కూర్చోవడం, చేత్తో వస్తువు అందుకోవడం ఆ అదుపు మీదే ఆధారపడి ఉంటాయి.

కాబట్టి మీ పాప సంగతి ఇక్కడే తేలిపోయింది. నాలుగు నెలల బిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడుతుంటే మీరు సంతోషించాలి. పుట్టిన వెంటనే డాక్టర్లు ఆ ఉలికిపాటు ఉందా లేదా, రెండు చేతులూ సమానంగా కదులుతున్నాయా అని పరీక్ష చేసి మరీ చూస్తారు. లేకపోతేనే కంగారు. ఆ వయసు పాపకు దాన్ని ‘పోగొట్టే’ థెరపీ అంటూ ఏదీ అక్కర్లేదు. పాపను తెమ్మన్నారన్న మాట చదివాక నాకు ఆ సెంటర్ మీద నమ్మకం సగం పోయింది.

పసివాళ్లలో ఈ రిఫ్లెక్సులు ఎప్పుడు ముఖ్యమో కూడా తెలుసుకోండి. ఆరు నెలలు దాటాక కూడా బలంగా ఉండిపోవడం, ఒక పక్కే కనిపించడం, పిడికిళ్లు ఎప్పుడూ బిగిసి ఉండటం, కాళ్లూ చేతులూ బిర్రబిగుసుకోవడం, తొమ్మిది నెలలకూ కూర్చోలేకపోవడం, పద్దెనిమిది నెలలకూ నడవకపోవడం, ఏడాదిలోపే ఒక్క చేత్తోనే అన్నీ అందుకోవడం, వచ్చిన పని మళ్లీ మర్చిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పిల్లల నరాల వైద్యుడికి వెంటనే చూపించాలి. మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు పట్టు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తరచూ ఈ రిఫ్లెక్సులు పోకుండా నిలిచిపోతాయి. అక్కడ అది వైద్యానికి ఎంతో విలువైన ఆనవాలు.

మీ బాబుది ఆ కోవ కాదు. వాడు నడుస్తున్నాడు, బడికెళ్తున్నాడు, రాస్తున్నాడు. మోకాళ్లూ చేతుల మీద ఉంచి తల తిప్పితే మోచెయ్యి కొద్దిగా వంగి ఉంటుంది. ఆ రిఫ్లెక్సుల ఇలాంటి ఛాయలు ఏ ఇబ్బందీ లేని పిల్లల్లోనూ కనిపిస్తుంటాయి. చదువులో, కదలికల్లో ఇబ్బంది పడే పిల్లల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తాయని చెప్పే పరిశోధనలున్న మాట నిజమే. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. నాడీవ్యవస్థ కొంచెం నెమ్మదిగా ఎదుగుతుంటే రెండూ దాని నుంచే రావచ్చు.

వ్యాయామాలతో రిఫ్లెక్సులు పోగొడతామనే ఈ పద్ధతికి మద్దతుగా ఎక్కువమంది చూపించేది బెల్‌ఫాస్ట్‌లో జరిగి 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసున్న, చదవడంలో ఇబ్బంది పడే 60 మంది పిల్లలను మూడు గుంపులు చేశారు. ఏడాదిపాటు పసిబిడ్డ కదలికలను పోలిన వ్యాయామం చేసిన గుంపు చదవడంలో మెరుగుపడింది. పద్ధతిగా చేసిన పని అది, కొట్టిపారేయను. కానీ వ్యాయామం చేసిన గుంపులో ఉన్నది ఇరవై మందే. మీ బాబు వయసువాళ్లు, పక్క తడిపేవాళ్లు, చప్పుడుకు భయపడేవాళ్లు అందరికీ లక్షలు తీసుకుని ఇదే మందు అనడానికి ఆ ఆధారం చాలదు. ఇలాంటిదే ఇంకో కథ అమెరికాలో నడిచింది. డోమన్–డెలకాటో పద్ధతి పేరుతో తల్లిదండ్రులు పిల్లల కాళ్లూ చేతులూ పాకుతున్నట్టు రోజంతా ఆడించేవారు. దానికి ప్రత్యేకమైన ప్రయోజనమేదీ లేదనీ, కుటుంబాల మీద మోయలేని భారం పడుతోందనీ అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 1982లో ఒకసారి, 1999లో మరోసారి ప్రకటించింది.

ఇక మీ మీద మోపిన నేరాలు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచుకునే మనకు, ఒక మెట్టు దాటేసి బిడ్డ ముందుకు పోతే మనసులో ఏదో మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన పిల్లల్లో 4.3 శాతం మంది అసలు దోగాడనే లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన ఎదుగుదల పట్టిక నుంచి దోగాడటాన్ని తీసేసింది. వాకర్ మంచిది కాదు, నిజమే. దానివల్ల పిల్లలు మెట్ల మీద నుంచి పడతారు. అందుకే కెనడా 2004లోనే నిషేధించింది. పాపకు వాడొద్దు. కానీ బాబు చేతిరాతకు దాన్ని ముడిపెట్టలేం.

అత్తగారికి ఒక్క లెక్క చెప్పండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ఆపరేషనే కారణమైతే మన తరగతి గదుల్లో సగానికి పైగా పిల్లలు ఇలాగే ఉండాలి.

ఇప్పుడు బాబు విషయానికొద్దాం. వాడి ఇబ్బందులు నిజమైనవి. ‘నేనూ అంతే’ అని మీవారు వదిలేస్తే వాడికి అన్యాయం జరుగుతుంది. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఐదు రకాల ఇబ్బందులనూ ఒకే పేరు కింద మూట కట్టేస్తే ఏ ఒక్కదానికీ సరైన వైద్యం అందదు. దేని దారి దానిదే.

బోర్డు మీది అక్షరాలు సగమే ఎక్కుతున్నాయంటే ముందు కళ్లు పరీక్ష చేయించండి. సైటు ఉన్నట్టు పిల్లలు తమంతట తాము చెప్పరు, అందరికీ లోకం అలాగే కనిపిస్తుందనుకుంటారు. అదే వారంలో చెవులు కూడా.

పక్క తడపడానికి గ్యాలంట్‌ను కారణంగా చూపడం నాకు అసలు నచ్చలేదు. ఏడేళ్ల వయసులో నూటికి ఐదు నుంచి పది మంది పిల్లలు పక్క తడుపుతారు. ఎక్కువమందిలో అది వయసుతో తగ్గిపోతుంది. తరచూ దాని వెనక ఉండేది మలబద్ధకం. ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఆ అలవాటు ఉన్నా పిల్లలకు రావచ్చు. పిల్లల డాక్టర్‌కు చెప్పి ఒక మూత్ర పరీక్ష చేయించండి. పగలు నీళ్లు బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారాలున్నాయి, బాగా పనిచేస్తాయి. మధ్యలో ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలై ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌కు తప్పక చెప్పండి. పొద్దున్నే దుప్పటి ఎండలో వేస్తూ వాణ్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఈ విషయంలో మాత్రం ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

చేతిరాత, కూర్చునే తీరు మంచి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) చూడాల్సినవి. ఆ వృత్తి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కదలికల సమన్వయం కుదరని పిల్లలు నూటికి ఐదారుగురు ఉంటారు. వాళ్లకు బాగా పనిచేసేది రాని పనినే చిన్న ముక్కలుగా చేసి నేర్పించడం. రాయడం రాకపోతే రాయడం, బొత్తాలు పెట్టడం రాకపోతే బొత్తాలు. ఎవరి దగ్గరకు వెళ్లినా రెండు ప్రశ్నలు అడగండి: మూడు నెలల్లో మా వాడు ఇప్పుడు చేయలేని ఏ పని చేయగలుగుతాడు? అది రాకపోతే ఏం మారుస్తారు? జవాబు ‘రిఫ్లెక్స్ పోతుంది’ అనేనైతే అక్కడినుంచి వచ్చేయండి. ఒత్తులు, గుణింతాలు గుర్తుపట్టడం, చదివింది అర్థం కావడం కూడా కష్టంగా ఉంటే అభ్యసన వైకల్యం (లెర్నింగ్ డిజెబిలిటీ) ఉందేమో పరీక్ష చేయించాలి. మూడో తరగతి సరిగ్గా దానికి తగిన సమయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది కాబట్టి, తేలితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు.

దీనికి లక్షలు అక్కర్లేదు. మీరు ఉండేది హైదరాబాద్‌లోనే కదా, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే ఎన్ఐఈపీఐడీ జాతీయ సంస్థకు వెళ్లండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో జిల్లా సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడుందో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకూ పిల్లల ఎదుగుదల లోపాలను అక్కడ ఉచితంగా చూస్తారు.

కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకోవడం మోరో కాదు. ఉలికిపాటు పెద్దవాళ్లకూ ఉంటుంది. విజిల్ వస్తుందని ముందే చెప్పండి, స్టవ్ వాణ్నే కట్టేయనివ్వండి, కొన్నాళ్లకు భయం తగ్గొచ్చు. చప్పుళ్లతోపాటు బట్టలు, తిండి, జనం కూడా ఇబ్బంది పెడుతుంటే డాక్టర్‌కు అది కూడా చెప్పండి. చిన్న చెల్లి వచ్చిన ఈ నాలుగు నెలల్లో ఇంట్లో గొంతులు పెరిగాయా? పెరిగి ఉంటే వాడు అన్నీ వింటున్నాడు. ‘వీడి మెదడులో ఏదో లోపం’ అన్న మాట కూడా విని ఉంటాడు.

అత్తగారితో వాదనకు దిగకండి. వాళ్ల మాట వెనక మనవడి మీద బెంగ ఉంది. ఆవిడకు పని అప్పగించండి. సాయంత్రం అరగంట వామనగుంటలు, గవ్వలాట ఆడిస్తే వాడి వేళ్లకు బలం వస్తుంది. తొక్కుడుబిళ్ల, తాడాట, ఈత మీవారి వంతు. డాక్టర్ దగ్గరకు మొదటిసారి మీవారిని తప్పక వెంట తీసుకెళ్లండి. మీరు ఇంటికొచ్చి చెప్పేదానికన్నా ఆయన నేరుగా వింటేనే నమ్ముతారు. అత్తగారు బంధువుల ముందు ఆ మాట అన్నప్పుడు ‘అమ్మా, డాక్టర్ అలా చెప్పలేదు’ అనాల్సింది ఆయనే, మీరు కాదు.

మీ సంగతి కూడా వదలను. కాన్పై నాలుగు నెలలు. పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అంతా నా తప్పే అనిపించడం కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు కావచ్చు. అది మీ బలహీనత కాదు, వైద్యంతో తగ్గే జబ్బు. బాబు పరీక్షలన్నీ అయ్యాక చూద్దామని వాయిదా వేయకుండా ఈ వారంలోనే మీ గైనకాలజిస్ట్‌కు చెప్పండి. పాలిస్తున్నారని కూడా చెప్పండి, దానికి సరిపడే మందులే రాస్తారు. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనో, పాపకు ఏదైనా చేసేస్తాననో ఆలోచనలు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, మీవారిని లేపి అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.