ఆ కొసమెరుపు తీసెయ్యమ్మా

చిరంజీవి సౌభాగ్యవతికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం, కథ అందాయి. మూడో పేజీకి వచ్చేసరికే నాకు కోపం వచ్చింది. అమెరికాలో ఒక తెలుగింట్లో భర్త సోఫాలో కూర్చుని హాల్‌మార్క్ అనే టీవీ ఛానెల్లో క్రిస్మస్ సినిమా చూస్తుంటాడు. భార్య ఫోన్లో స్నేహితురాలితో, "మగాడై ఉండి ఆ సినిమాలేంటే, ఐదు నిమిషాలు చూస్తే చివరేమవుతుందో చెప్పెయ్యొచ్చు" అని నవ్వుతుంది. ఆ నవ్వు పాత్రదైతే నాకే పేచీ లేదు. కానీ అది నీ నవ్వమ్మా. అతను కనిపించిన ప్రతిచోటా నువ్వు వాడిన మాటలు చూసుకో. 'నోరు తెరుచుకుని', 'చిన్నపిల్లాడిలా', 'వెర్రి చూపు చూస్తూ'. ఒక మనిషి ఇష్టాన్ని రాసేవాళ్ళే వెక్కిరిస్తే ఆ మనిషి ఇక కథలో ఊపిరి తీసుకోలేడు.

ఈ నవ్వు నేను బాగా ఎరుగుదును. మేం వారపత్రికలకి సీరియల్స్ రాసే రోజుల్లో సభల్లో పెద్దమనుషులు ఇలాగే నవ్వేవారు. "కారున్న హీరో, పేదింటి పిల్ల, మధ్యలో అపార్థం, చివర్లో పెళ్ళి, అంతేగా!" అనేవారు. పత్రిక వచ్చిన రోజు వాళ్ళ ఇళ్ళల్లోనే ఎవరు ముందు చదవాలని తగువులు పడేవారు. యద్దనపూడి సులోచనారాణి గారిని ఎన్నేసి మాటలన్నారు! ఆవిడ 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అరవై ఏళ్ళ కిందటి ఆవిడ నవలలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి, అమ్ముడవుతున్నాయి. అప్పుడు మగవాళ్ళు ఆడవాళ్ళ ఇష్టాన్ని చూసి నవ్వారు. ఇప్పుడు ఒక మగవాడికి అదే ఇష్టం ఉంటే నువ్వు నవ్వుతున్నావు. ఎవరు నవ్వినా నాకు ఒకేలా నొప్పి పుడుతుంది.

అసలు చివర ముందే తెలియడం తప్పని మనకెవరు నేర్పారు? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం ఆడిన మొదటి నాటకం కీచకవధ. కీచకుడు చస్తాడని తెలియక ఎవరైనా చూడ్డానికి వచ్చారా? మా చిన్నప్పుడు పద్యనాటకంలో కృష్ణుడు రాయబారం పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. రాయబారం విఫలమవుతుందనీ యుద్ధం తప్పదనీ అందరికీ తెలుసు. తెలిసే మళ్ళీ పాడించుకునేవారు. ఏమవుతుందో తెలిసినప్పుడే మనసు కుదుటపడి ఎలా అవుతుందో చూస్తుంది. ఇది నా గట్టి నమ్మకం. దీనికోసం నేను చాలామందితో పోట్లాడాను.

మనల్ని చెడగొట్టింది ఈ కొసమెరుపు పిచ్చి. ఒక కాలంలో ప్రతి సంపాదకుడికీ అదే కావాలి. ఆఖరి వాక్యంలో పాఠకుడు ఉలిక్కిపడాలి, లేకపోతే కథ తిరుగుటపాలో వచ్చేసేది. నేను పిల్లలు పడుకున్నాక వంటింట్లో పీట మీద కాగితాలు పెట్టుకుని రాసేదాన్ని. రాసింది మా తమ్ముడు సైకిలు మీద బెజవాడ స్టేషన్‌కి పట్టుకెళ్ళి రైల్లో టపా తీసుకెళ్ళే ఆర్.ఎం.ఎస్. వాళ్ళ డబ్బాలో వేసి వచ్చేవాడు. ఆ రాత్రి మెయిల్ తప్పితే ఆ వారం భాగం తప్పినట్టే. అలా రాస్తున్న సీరియల్ చివరికొచ్చాక ఒక సంపాదకుడి నుంచి ఉత్తరం వచ్చింది. ముగింపు పాఠకులు పసిగట్టేశారు, హీరోయిన్ని చంపెయ్యండి అని. నేను కుదరదన్నాను. నా పేరు మీదే ఆ అమ్మాయి రైలు కింద పడిందని పత్రిక తెరిచి నేను చదువుకున్నాను. ఎవరిచేత రాయించారో ఇప్పటికీ తెలియదు. ఎంతమంది ఆడపిల్లలు ఆ వారం నాకు ఉత్తరాలు రాశారో! "ఎందుకండీ చంపారు, పెళ్ళవుతుందని మాకు తెలుసు కదా" అని. ఆ 'తెలుసు కదా'లో ఎంత నమ్మకముందో ఆ సంపాదకుడికి అర్థం కాలేదు. పుస్తకం వేసినప్పుడు నా ముగింపు నేను పెట్టుకున్నాను. కానీ ఆ కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఇక నీ కథలోని సినిమాల సంగతి. మా అమ్మాయి పురుడికని ఒహాయో వెళ్ళినప్పుడు చలికాలమంతా నేనూ ఆ ఛానెల్ చూశాను, కింద అక్షరాలు పెట్టుకుని. తర్వాత వాటి గురించి దొరికినంత చదివాను. నువ్వు చదవలేదని నీ కథే చెబుతోంది. హాల్‌మార్క్ గ్రీటింగ్ కార్డుల కంపెనీ. 1910లో జాయిస్ హాల్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పోస్టుకార్డులు నింపిన షూ డబ్బాలతో కాన్సాస్ సిటీలో దిగి మొదలుపెట్టాడు. 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి టీవీలో ఒక సంగీత నాటకం ఇచ్చారు. ఛానెల్ ఆ పేరుతో 2001లో వచ్చింది, వరస క్రిస్మస్ సినిమాలు 2009 నుంచి. పుట్టినరోజు కార్డులో కొత్త కబురు ఉంటుందని ఎవరూ కొనరు కదా. ఆ సినిమాలూ అంతే. మనకు తెలిసిన మంచిమాటే, సరైన రోజున, మన చేతికి.

వాటి పనితనం తేలికైంది కాదు. రెండు గంటల స్లాటులో ప్రకటనలు పోగా సినిమా గంటన్నర కూడా ఉండదు. దాన్ని తొమ్మిది అంకాలుగా కోస్తారు. ప్రకటన వచ్చే ప్రతిచోటా చిన్న ముడి వేసి ఆపాలి. ముద్దు పెట్టుకోబోతుంటే ఎవరో తలుపు తీస్తారు, ఫోన్ మోగుతుంది. అసలు ముద్దు చివరి నిమిషాల్లోనే. షూటింగ్ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. చాలావాటిని కెనడాలో, ఎండాకాలంలో, ఉన్ని కోట్లు తొడుక్కుని, ఉత్తుత్తి మంచు పరిచి తీస్తారు. అంత ఇరుకులో ఒక తండ్రీ కూతురూ వంటింట్లో బిస్కట్లకి పిండి కలుపుతూ, పోయిన అమ్మ గురించి రెండే మాటలు మాట్లాడుకునే సీను వస్తుంది చూడు. అది చూసి నేర్చుకో. నీ కథలో భార్యాభర్తలు నాలుగు పేజీలు మాట్లాడుకున్నారు, అందులో ఒక్కమాట కూడా గుర్తుండదు.

ఇప్పుడు నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతి. రెండో పేజీలో, ఏదో సమాచారం ఇస్తున్నట్టు, అతను నాలుగేళ్ళుగా తణుకు వెళ్ళలేదని రాశావు. వెళితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ దొరక్క అక్కడే ఇరుక్కుపోతానేమోనని టెన్షన్. టీములో ఇద్దర్ని తీసేశారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి. తండ్రికి కంటి ఆపరేషన్ అయితే వీడియో కాల్లో చూశాడు. ఐదో పేజీలో అతను చూసే సినిమా కథ వెక్కిరింతగా చెప్పావు. న్యూయార్క్‌లో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి పండక్కి సొంతూరు వెళుతుంది, నాన్న నడిపే పాత సత్రం అమ్ముడుపోకుండా ఆపుతుంది, ఇక అక్కడే ఉండిపోతుంది.

ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివావా? ఆ సినిమాల్లో ప్రేమ ఒక వంతైతే ఇంటికెళ్ళడం మూడు వంతులు. ప్రతిదాంట్లో ఎవరో ఒకరు బయల్దేరి ఊరు చేరతారు. విమానం ఆలస్యమైనా, మంచు పడి దారి మూసుకుపోయినా చేరతారు. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి ఉంటాడు. వాళ్ళని వీసా అడిగేవాళ్ళుండరు. తణుకు వెళ్ళలేనివాడు రోజూ రాత్రి ఎవరో ఒకరు ఊరు చేరడం చూసి పడుకుంటున్నాడు. చివర తెలుసు కాబట్టే చూస్తున్నాడమ్మా. పగలంతా రేపేమవుతుందో తెలియని బతుకు బతికినవాడికి రాత్రి కూడా కొసమెరుపు కావాలంటావా?

నువ్వేమో చివరి నాలుగు లైన్లలో అతని ఫోన్లో ఎవరో పాత ప్రేయసిని ఊడిపడేలా చేశావు. ఆ అమ్మాయికి ఇష్టమని ఆ సినిమాలు చూస్తున్నాడట. ఆ నాలుగు లైన్లతో తణుకు, కంటి ఆపరేషన్, అన్నీ కొట్టుకుపోయాయి. భార్యకి అతన్ని అనుమానించే హక్కు దొరికింది, నీకు నవ్వినందుకు సాకు దొరికింది. పాఠకుడు ఉలిక్కిపడతాడు, నిజమే. మర్నాటికి మర్చిపోతాడు.

ఒక్కచోట మాత్రం నువ్వు నిజంగా రాశావు. ఆమె బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంట్ మెట్లెక్కి వస్తుంటే, అతను తెర మీంచి చూపు తిప్పకుండానే కప్పుకున్న బొంత ఒక పక్కకి లాగి చోటు చేస్తాడు. ఆమె కూర్చోదు, పైకి వెళ్ళిపోతుంది. అతను బొంత మళ్ళీ సర్దుకోడు. ఆ మూడు వాక్యాలూ అలాగే ఉంచు, ఒక్క అక్షరం మార్చకు. కథ అక్కడినుంచి మొదలవుతుంది. ఆమె ఎందుకు కూర్చోదో నువ్వు రాయాలి. అది అతని ప్రేయసి గురించి రాయడం కంటే చాలా కష్టం, ఆమె గురించి నీకే కొన్ని అప్రియమైన సంగతులు తెలియాలి. అయినా రాయి.

ముందు ఆ సినిమా ఒకటి మొత్తం చూడు. చేతిలో ఫోన్ పెట్టుకోకు, నవ్వకు. అతనిలాంటివాళ్ళు ఎవరైనా నీకు తెలిస్తే పక్కన కూర్చుని చూడు. ఎక్కడ వాళ్ళు నోరు విప్పి మాట్లాడతారో, ఎక్కడ లేచి మంచినీళ్ళకి వెళతారో గమనించు. సత్రం దక్కిన సీనులో తెర వైపు కాకుండా వాళ్ళ మొహం వైపు చూడు.

నీ ప్రశ్నల్లో డయాస్పోరా కథ, అంటే పరాయి దేశంలో స్థిరపడ్డవాళ్ళ కథ, అనే ముద్ర గురించి ఒకటుంది. ఆ చర్చలకి నా దగ్గర ఓపిక లేదు. పోటీలకి పంపే తొందర కూడా పెట్టుకోకు. సంక్రాంతి పోటీ గడువు కోసం నరికిన కథలు నేను చాలా చూశాను, న్యాయనిర్ణేతగా కూర్చుని మరీ చూశాను.

తిరగరాశాక కాగితం మీద ప్రింటు తీసి పంపు. పక్కన బాగా జాగా వదులు, నేను పెన్నుతో రాయడానికి. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిది