టీబీ క్రిమి మన తెల్లకణాల్లోనే కాపురం పెడుతుంది

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. టీబీ క్రిమిని మన తెల్ల రక్తకణాలు ఎందుకు చంపలేకపోతున్నాయి అనేది ఒకటి, రెండు నెలలకే మీ తమ్ముడికి దగ్గూ జ్వరమూ తగ్గిపోయాయి కదా ఇంకా నాలుగు నెలలు మాత్రలు ఎందుకు అనేది ఇంకొకటి. నాకు తెలిసి రెండింటికీ జవాబు ఒకటే. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను, ఈ పాఠం మీద పరీక్ష కూడా రాశాను, కానీ అది నిజంగా అర్థమైంది మాత్రం మా అమ్మకు టీబీ వచ్చాకే.

అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేది. అక్కడ దగ్గని మనిషే ఉండదు, అందుకని అది ఘాటు వల్లేనని అందరం వదిలేశాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటకు జాకెట్టు తడిసిపోవడం, మనిషి బాగా చిక్కిపోవడం చూశాక గానీ తెమడ పరీక్షకు తీసుకెళ్లలేదు. మందులు మొదలైన నెలన్నరకే ఆకలి పుట్టింది, దగ్గు పోయింది. మూడో నెలలో "నాకు బాగానే ఉంది గదరా, అవి వేసుకుంటే కడుపులో తిప్పుతోంది" అనుకుని మానేసింది. నేను హైదరాబాద్‌లో ఉండేవాణ్ని, ఫోన్లో అడిగితే వేసుకున్నాననే చెప్పేది. ఐదు నెలలు తిరక్కుండానే మళ్లీ దగ్గు, ఈసారి తెమడలో రక్తపు చార.

ఆ ఐదు నెలలూ క్రిమి ఎక్కడుంది? తనను చంపడానికి వచ్చిన కణంలోనే ఉంది.

ఊపిరితిత్తుల్లోకి చేరిన క్రిమిని మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణం మింగుతుంది. మింగినదాన్ని ఫాగోజోమ్ అనే చిన్న సంచిలో పెట్టి, ఆమ్లమూ జీర్ణరసాలూ నిండిన లైసోజోమ్‌ను దానితో కలిపేస్తుంది. మామూలు బ్యాక్టీరియా అయితే అక్కడితో దాని పని సరి. టీబీ క్రిమి ఆ కలయికనే ఆపుతుంది. దాని గోడలో ఉండే లిపోఅరాబినోమానన్ అనే పదార్థమూ, అది వదిలే కొన్ని ఎంజైములూ కణం లోపలి సంకేతాలను చెడగొడతాయి, సంచిలోకి ఆమ్లాన్ని తోడే పంపును దగ్గరికి రానివ్వవు. కణం ఆక్సిజన్ విషాలు వదిలితే కెటలేజ్ ఎంజైముతో వాటిని విరగ్గొడుతుంది. ఒంటి మీద మైకోలిక్ ఆమ్లాల మైనపు పూత ఎలాగూ ఉంది. పైగా ప్రొటీన్లను బయటికి తోసే ఈఎస్ఎక్స్-1 అనే ఏర్పాటుతో సంచి పొరకే చిల్లు పెట్టగలదు. ఇది ఎంత ముఖ్యమైన ఆయుధమో టీబీకి వేసే బీసీజీ టీకా చూస్తే తెలుస్తుంది: కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు పశువుల టీబీ క్రిమిని 13 ఏళ్లపాటు 230 సార్లు తిరగ పెంచితే అది నీరసించి టీకాగా పనికొచ్చింది, అందుకు ఒక పెద్ద కారణం ఆ ఏర్పాటుకు కావలసిన జన్యువులు అది పోగొట్టుకోవడమే.

నన్ను బాగా కదిలించిన సంగతి మాత్రం గ్రాన్యులోమా. క్రిమి చుట్టూ తెల్లకణాలు గడ్డలా చేరి దాన్ని లోపల బంధిస్తాయని మాకు చెప్పారు, అది చాలావరకు నిజమే. కానీ లలితా రామకృష్ణన్ అనే శాస్త్రవేత్త బృందం టీబీకి దగ్గరి బంధువైన క్రిమిని జీబ్రా చేప పిల్లల్లోకి ఎక్కించి చూస్తే, మొదటి రోజుల్లో ఆ గడ్డే క్రిమికి పనికొస్తోందని తేలింది. చచ్చిపోతున్న కణాన్ని తినడానికి కొత్త కణాలు వస్తాయి, దానితోపాటు లోపలున్న క్రిముల్నీ మింగుతాయి, అలా ఒక ఇంటి నుంచి పది ఇళ్లకు పాకుతుంది. మన కాపలావాళ్లే దానికి దారి చూపిస్తున్నారన్నమాట.

ఇక మాత్రల సంగతి. పేగుల్లో ఉండే ఈకొలి బ్యాక్టీరియా మంచి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది, టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది. కొన్నయితే ఎదుగుదల దాదాపు ఆపేసి పడుకుంటాయి. చాలా మందులు ఎదిగే క్రిమినే బాగా కొడతాయి. అందుకే మొదటి రెండు నెలలు నాలుగు మందులు ఇస్తారు, వాటిలో పైరజినమైడ్ ఆమ్లం ఉన్నచోట దాక్కున్నవాటి మీద పనిచేస్తుంది. చురుగ్గా ఉన్నవి త్వరగా చస్తాయి, దగ్గు తగ్గేది అప్పుడే. మిగతా నాలుగు నెలలు మూడు మందులు, ఆ పడుకున్నవి అప్పుడప్పుడూ లేచినప్పుడు పట్టుకోవడానికి. మా అమ్మ సరిగ్గా అక్కడే వదిలేసింది.

తెమడలో క్రిమి జన్యువుల్ని వెతికే సీబీనాట్ పరీక్షలో, అమ్మకు వచ్చింది టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని రకం కాదని తేలింది. ఆ రిపోర్టు వచ్చేదాకా పడిన టెన్షన్ నేను మర్చిపోలేను. మొదటి మాత్ర నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మా వీధి ఆశా కార్యకర్త రోజూ పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడి మింగించింది, ఆరు నెలలూ పూర్తయ్యాయి, తెమడ నెగెటివ్ వచ్చింది.

మీ తమ్ముణ్ని దయచేసి మాననివ్వకండి. మూత్రం ఎర్రగా వస్తే కంగారు అక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు. చూపు మసకబారినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం అదే రోజు డాక్టర్‌కు చూపించండి, వాళ్లే మందు మారుస్తారు. ఇంతకీ రెండో నెల చివర చేయాల్సిన తెమడ పరీక్ష చేయించారా?