పధ్నాలుగో పేజీలో ఆ పేరు

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఫోన్‌లో చదవడం నా కళ్ళతో అయ్యే పని కాదు. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని రెండు రాత్రుళ్ళు కూర్చున్నాను. మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా చదివాను. రెండోసారి ముట్టుకున్నాను. కోపం తెచ్చుకోకు.

తొమ్మిదో శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్స్ దక్షిణ భాగంలోని యుజెస్ అనే ఊళ్ళో భర్తకీ పిల్లలకీ దూరంగా బతికిన డువోడా మీద తెలుగులో కథ రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. అందరూ రాణుల వెంట పడతారు. ఈవిడ రాణి కాదు, ఒక పెద్ద సామంతుడి భార్య. మన మాటలో దొరసాని. ఆమె గురించి లోకానికి తెలిసినది దాదాపు అంతా ఆమె పెద్దకొడుకు విలియం కోసం లాటిన్‌లో రాసిన ఒక్క చేతిపుస్తకం నుంచే వచ్చింది.

ముందు చిన్నవి చెప్పేస్తాను. మొదటి పేజీలోనే ఆమెని రాతికోట బురుజు ఎక్కించావు. నువ్వు సినిమాల్లో చూసిన ఆ కోటలు లేవడానికి ఇంకా నూట యాభై, రెండు వందల ఏళ్ళు పడుతుంది. మూడో పేజీలో సూపులో బంగాళాదుంప తేలుతోంది. అది అమెరికా నుంచి రావాలి, కొలంబస్ బయల్దేరడానికి ఇంకా ఆరున్నర వందల ఏళ్ళు. నవ్వుతున్నానని అనుకోకు. నా మొదటి చారిత్రక కథలో కాకతీయుల నాటి వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించాను, పోపు ఘాటుకి ఇల్లంతా దగ్గింది కూడా. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చిందని ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు. కింద ఒక లైను: "ఆ దగ్గు మాత్రం బాగుందండీ." ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇవి దిద్దుకుంటే పోయే తప్పులు. నా బెంగ వేరే ఉంది. నీ డువోడాకి చుట్టాలు లేరు. భర్త ఒకడు, కొడుకు ఒకడు, మిగతాదంతా కిటికీ, వాన, కన్నీళ్ళు. ఆ కాలపు దొరసాని బతుకులో అసలు కథంతా చుట్టరికాల్లోనే ఉంటుంది. భూములు, పదవులు, ప్రాణగండాలు అన్నీ ఎవరు ఎవరికి ఏమవుతారన్నదాన్ని పట్టుకునే నడుస్తాయి.

పెళ్ళి దగ్గర మొదలుపెట్టు. 824 జూన్ 29న ఆఖెన్ రాజప్రాసాదంలో ఆమెకి బెర్నార్డ్‌తో పెళ్ళయింది. తేదీ ఆమే రాసుకుంది. బెర్నార్డ్ తండ్రి విలియం షార్లమేన్ చక్రవర్తికి దగ్గరి బంధువు, పేరుమోసిన యోధుడు. చివరికి గెల్లోన్‌లో తాను కట్టించిన మఠంలోనే సన్యాసిగా చేరాడు. ఆ తాత పేరే మనవడికి పెట్టారు. బెర్నార్డ్ 829లో చక్రవర్తి లూయీ కొలువులో అంతఃపుర వ్యవహారాలు చూసే పెద్ద పదవికి ఎక్కాడు. ఏడాది తిరక్కుండానే చక్రవర్తి భార్య జూడిత్‌తో అతనికి సంబంధం ఉందని పుకారు లేచింది. నిజమో కాదో, ఆ పుకారు బెర్నార్డ్ కొంప ముంచింది. అతను పారిపోయాడు. తమ్ముడో అన్నో, హెరిబెర్ట్ దొరికిపోయాడు. అతని కళ్ళు పొడిపించారు.

ఇక్కడ నీకు భాష ఒక చిక్కు పెడుతుంది, చూసుకున్నావా? ఇంగ్లీషులో భర్త అన్నైనా తమ్ముడైనా ఒకటే మాటతో సరిపెడతారు. మనకి బావగారు వేరు, మరిది వేరు. ఒకరి ముందు తలవంచుకుంటాం, ఇంకొకరిని చనువుగా కసురుకుంటాం. నువ్వు బెర్నార్డ్ ఇంకో సోదరుడు గాసెల్మ్‌ని ఐదో పేజీలో బావగారన్నావు, పదకొండో పేజీలో మరిదిగారన్నావు. తేల్చుకోలేకపోతే పేరుతోనే చెప్పు, అంతేగానీ ఒకే మనిషికి రెండు వరసలు కలపకు.

ఆ గాసెల్మ్‌ని 834లో తల నరికి చంపారు. చక్రవర్తి కొడుకు లోథార్ తండ్రి మీద తిరగబడి షాలోన్ పట్టణాన్ని తగలబెట్టినప్పుడు జరిగింది ఇది. అదే ఊళ్ళో బెర్నార్డ్ తోబుట్టువు గెర్బెర్గా సన్యాసినిగా ఉండేది. మంత్రగత్తె అన్నారు. పీపాలో పెట్టి సోన్ నదిలో పడేశారు. డువోడాకి స్వయానా ఆడపడుచు, విలియంకి మేనత్త. నీ కథలో ఆవిడ పేరే లేదు! ఇంత ఘోరం జరిగిన ఇంటి కోడలు కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తోందంటే ఆ వానలో ఆమెకి ఏం కనపడుతుందో ఆలోచించు.

ఆ పేర్లన్నీ డువోడా మర్చిపోలేదు. పుస్తకం చివర కొడుక్కి ఒక జాబితా ఇచ్చింది, ఈ చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించమని. తర్పణాల నాడు పురోహితుడు వరసగా పేర్లు అడుగుతాడే, అలా. విలియం, క్యునిగుండ్, గెర్బెర్గా, థియోడెరిక్, గాసెల్మ్... ఇకముందు ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళ పేరు కూడా కింద చేర్చమంది. అంతా అత్తవారి వైపే. కన్నతల్లి పేరు లేదు, కన్నతండ్రి పేరు లేదు. దీన్ని నువ్వు ఊహతో నింపేశావు, ఆమెకి ఒక దయగల తండ్రినీ, చెరువుగట్టు మీద ఒక బాల్యాన్నీ ఇచ్చావు. తీసెయ్ తల్లీ. ఆ ఖాళీని అలాగే ఉంచి, ఆమె జాబితా రాయించే గదిలో మమ్మల్ని కూర్చోబెట్టు. మేమే గమనిస్తాం.

841 సంవత్సరం కథకి గుండెకాయ. లూయీ చనిపోయి ఏడాదయింది, కొడుకులు రాజ్యం కోసం కొట్టుకుంటున్నారు. జూన్ 25న ఫాంటెనాయ్ దగ్గర పెద్ద యుద్ధం. బెర్నార్డ్ సైన్యంతో దగ్గర్లోనే ఉండి ఎవరి వైపూ దిగలేదు. గోడ మీద పిల్లి. ఆ కొడుకుల్లో చిన్నవాడు చార్లెస్ పక్షం గెలిచిందని తెలిశాక పధ్నాలుగేళ్ళ విలియంని అతని కొలువుకి పంపాడు. పైకి సేవ, లోపల జామీను. తండ్రి అటూ ఇటూ అయితే పిల్లాడి తల ఎగిరిపోతుంది. ఆమె కొడుకుని చూసింది అప్పటికే ఆఖరుసారి అయి ఉండొచ్చు కానీ ఆ మాట కథలో ఎవరి నోటా అనిపించకు.

ఆ పిల్లాడు పుట్టింది 826 నవంబర్ 29న. ఆమె పుస్తకం మొదలుపెట్టింది 841 నవంబర్ 30న. రెండు తేదీలూ ఆమె రాసినవే. కొడుక్కి పదిహేనేళ్ళు నిండిన మర్నాడు తల్లి కలం పట్టుకుందన్నమాట. నువ్వు ఈ రెండు తేదీలనూ వేరువేరు అధ్యాయాల్లో పడేశావు. పక్కపక్కన పెట్టి చూడు.

పుస్తకంలో ఏముందో నీకు తెలుసు కానీ దాన్ని "నీతి బోధలు" అని ఒక్క ముక్కలో దాటేశావు. మొదట్లో ఒక పద్యం ఉంది. పంక్తుల తొలి అక్షరాలు కూర్చుకుంటూ వెళితే "డువోడా తన ప్రియమైన కొడుకు విలియంకి శుభం పలుకుతోంది, చదువు" అని వస్తుంది. అక్షరాలు కూడబలుక్కుని కనిపెట్టమని పాఠకుడికి తనే సూచన ఇస్తుంది. ఏడుస్తూ రాసే మనిషి ఇలాంటి ఆట ఆడుతుందా? ఆడుతుంది. అందుకే ఆవిడ రచయిత్రి. ఇంకోచోట జింకల సంగతి చెబుతుంది. వెడల్పాటి నీళ్ళు ఈదేటప్పుడు జింకలు బారు తీరి, ఒకదాని వీపు మీద ఇంకొకటి తల ఆనించుకుని వెళతాయట. ముందున్నది అలిసిపోతే వెనక్కి వస్తుంది, వెనకది ముందుకి వెళుతుంది. తోటివాళ్ళతో అలా ఉండమని కొడుక్కి చెప్పింది. పాత గ్రంథాల నుంచి తెచ్చుకున్న ఉపమానమే. కానీ శత్రువుల కొలువులో ఒంటరిగా ఉన్న పదిహేనేళ్ళ పిల్లాడికి అది చెబుతోంది, వీపు ఆనించుకోవడానికి అక్కడ ఎవరున్నారని?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు చెబుతాను. నువ్వు బొత్తిగా వదిలేశావు, ఎందుకంటే అది డబ్బు గోల. మన కథకులకి ప్రేమలో ఉన్న ఓపిక అప్పుల్లో ఉండదు. డువోడా అప్పులు చేసింది. భర్త సరిహద్దు సీమల్లో పెత్తనం నిలబెట్టుకోవాలి, దానికి సొమ్ము కావాలి. క్రైస్తవుల దగ్గరా యూదుల దగ్గరా చేబదుళ్ళు తెచ్చి అతని పనులు నడిపింది. ఎందుకు తెచ్చిందో కూడా దాచుకోలేదు. కొందరు మగవాళ్ళు చేసినట్టు భర్త తననీ కొడుకునీ వదిలేసి పోకుండా ఉండాలని. తీర్చగలిగినంత తీర్చాను, ఇంకా మిగిలితే నేను పోయాక అప్పులవాళ్ళెవరో జాగ్రత్తగా వాకబు చేసి, నా సొమ్ములోంచీ, చాలకపోతే నీ సొమ్ములోంచీ కట్టేయమని కొడుకుని అడిగింది.

ఒక్కసారి ఆగి ఆ సీను చూడు. భర్త ఊళ్ళో లేడు. ఆమె అక్కడ ఉండటం కూడా అతని ఆజ్ఞే. బల్ల మీద చిట్టా. ఎవరి దగ్గర ఎంత, ఎప్పుడు. మర్యాదగా మాట్లాడే అప్పులవాడు వాకిట్లో నిలబడి ఉంటాడు, దొరసానిని తొందర పెట్టలేడు, వెళ్ళిపోనూ లేడు. ఆమె మెడలో నగ తడుముకుంటుందా? నాకు తెలీదు, అది నువ్వు రాయాలి. మూడు పేజీల విరహం కొట్టేసి ఇది రాస్తే ఆమె భర్తని ఎంత ప్రేమించిందో, ఎంత భయపడిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. నీ డువోడా పన్నెండో పేజీలో "ఆడదాన్ని కాబట్టే నన్ను బంధించారు" అని బెర్నార్డ్‌ని నిలదీస్తుంది. సీను వేడిగా ఉంది, ఒప్పుకుంటాను. పత్రికలో వస్తే చప్పట్లు కూడా పడతాయి. ఆమె పుస్తకంలో మాత్రం భర్త మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆయనని ప్రభువు అంటుంది. కొడుక్కి దేవుడి తర్వాత తండ్రినే పెట్టింది, రాజు ఆ తర్వాతే. చార్లెస్ కొలువులో జామీనుగా ఉన్న కుర్రాడికి రాజు కన్నా తండ్రి ముందు అని రాసి పంపడం ఎంత సాహసమో! ఎవరి చేతిలోనైనా పడి ఉంటే? ఆమె ధైర్యం ఆ వరసలో ఉంది. నీకు తెలిసిన తిరుగుబాటు ఆమె నోట్లో పెడితే ఆమెది నీకు దొరకదు.

తర్వాత జరిగినవి నీకూ నాకూ తెలుసు. 844లో చార్లెస్ బెర్నార్డ్‌ని చంపించాడు. విలియం తండ్రి పగ మోసుకుని తిరిగి, 848లో బార్సిలోనా పట్టుకుని, 850లో అక్కడే హతమయ్యాడు. పాతికేళ్ళు నిండలేదు. డువోడా పుస్తకం ముగించింది 843 ఫిబ్రవరి 2న. అప్పటికే ఒంట్లో బాగాలేదు, తన సమాధి మీద చెక్కాల్సిన పద్యం కూడా తనే రాసుకుంది. ఆ రోజు దాటితే ఆమె గొంతు మనకి వినపడదు. కాబట్టి "రాబోయే పిడుగు ఆమెకి తెలియదు" లాంటి లైన్లు నాలుగు చోట్ల ఉన్నాయి, నాలుగూ కొట్టేశాను.

చివరగా పధ్నాలుగో పేజీ. 841 మార్చి 22న యుజెస్‌లో ఆమెకి రెండో కొడుకు పుట్టాడు. బాప్తిస్మం ఇంకా కాలేదు, పేరు పెట్టలేదు. ఆ ఊరి బిషప్ ఎలెఫాంటస్‌నీ మరికొందరినీ తోడిచ్చి పసివాణ్ణి అక్విటేన్‌లో తన దగ్గరికి తెప్పించుకున్నాడు బెర్నార్డ్. ఆమె విలియంకి రాస్తుంది: నీ తమ్ముడి పేరు నాకింకా తెలియదు, వాడికి మాట వచ్చాక, చదువు వచ్చాక ఈ పుస్తకం వాడికీ చూపించు, వాడిచేత చదివించు అని. పుస్తకం పొడుగునా వాడు "నీ చిన్న తమ్ముడు", అంతే. ఆ పసివాడికి తర్వాత తండ్రి పేరే పెట్టారు. వాడి కొడుకు విలియమే 910లో క్లూనీ మఠం స్థాపించాడు. అదంతా నీ నోట్సులో ఉండనీ.

నీ కథలో ఆమె ఖాళీ ఉయ్యాల ఊపుతూ "బెర్నార్డ్, నా చిట్టి బెర్నార్డ్" అంటోంది. ఆ పేరు కొట్టెయ్. ఏమని పిలుస్తుందో నాకూ తోచలేదు, రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. దొరికితే ఆ ఒక్క పేజీ ముందు పంపు. ఈసారి వాట్సాప్ వద్దు, పోస్టులో పంపు.

ఉంటాను.