ఈసారి గుడ్లు పెడితే ఫోటో తీయకు

అల్లుడూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన అక్వేరియం ఫోటో చూశాను. నున్నటి రాయి, దాని మీద వరుసగా అంటించినట్టు గుడ్లు, పైన కాపలాగా తల్లి రామ్ చేప. మర్నాడు పొద్దుటికల్లా రాయి ఖాళీ అయిపోయిందనీ, ఈ చేపలు దండగ, ఎవరికైనా ఇచ్చేస్తాననీ రాశావు. ఇవ్వకు. కొత్త జత మొదటి రెండు మూడు విడతల గుడ్లు తినేయడం రామ్ చేపల్లో మామూలే. పైగా నీ ఫోటోలో ఫ్లాష్ వెలుగు గాజు మీద తెల్లగా పడింది. చీకట్లో మొహం మీద మెరుపు మెరిస్తే ఏ తల్లి నిమ్మళంగా ఉంటుంది చెప్పు?

ముందు అవి నిజంగా జతేనా చూసుకో. మగదొకటి, ఆడదొకటి కొని ఒకే ట్యాంకులో వేసినంత మాత్రాన జత అయిపోదు. ఆరు చిన్న పిల్లల్ని కొని కలిపి పెంచితే వాటిలో అవే ఎంచుకుంటాయి. ఒక్కోసారి రెండు ఆడచేపలు కూడా జతలాగే తిరిగి గుడ్లు పెడతాయి, గుడ్లన్నీ తెల్లబడిపోతాయి. ఆడదానికి పొట్ట గులాబీ రంగులో ఉంటుంది. ఒంటి పక్కనున్న నల్లమచ్చలో నీలి చుక్కలు మెరుస్తాయి. మగదానికి వీపు రెక్క ముందు ముళ్ళు పొడుగ్గా సాగి ఉంటాయి. బంగారు రంగు, ఎలక్ట్రిక్ బ్లూ రకాల్లో ఈ మచ్చ గుర్తు పనికిరాదు. అప్పుడు గుడ్లు పెట్టే వేళ పొట్ట కింద దిగే గొట్టం చూడు: మగదానిది సన్నగా, మొన తేలి ఉంటుంది, ఆడదానిది లావుగా, మొద్దుగా ఉంటుంది. ఇంకోమాట, రామ్ ఆయుష్షు రెండు మూడేళ్ళే. నిండు రంగులతో నిగనిగలాడే పెద్ద చేపను కొన్నావంటే దాని జీవితంలో మంచి భాగం గడిచిపోయిందన్నమాటే.

నీళ్ళ సంగతి. ఇవి వెనిజులా, కొలంబియా దేశాల్లో ఒరినోకో నది పారే గడ్డి మైదానాలవి. అక్కడి నీళ్ళు వెచ్చన, మెత్తన (అంటే లవణాలు తక్కువ), కాస్త ఆమ్లం. గట్టి నీళ్ళలో పెద్ద చేపలు ఎలాగో బతుకుతాయి గానీ గుడ్లు సరిగ్గా పొదగవు. 28, 29 డిగ్రీల వేడి, పీహెచ్ (నీళ్ళ ఆమ్లం కొలత) 6 దరిదాపుల్లో ఉంటే చాలు. హీటర్ మీద అంకెను నమ్మకు, విడిగా థర్మామీటర్ పెట్టుకో. ఆర్‌ఓ నీళ్ళు కలిపి మెత్తన చేయాలనుకుంటే వారాల మీద చెయ్యి. పీహెచ్ తగ్గించే మందు నేనొకసారి ఒకే పూటలో వేసి మంచి ఆడచేపను పోగొట్టుకున్నాను, ఆ తప్పు నువ్వు చేయక్కర్లేదు. కొత్తగా పెట్టిన ట్యాంకు వీటికి పడదు. కనీసం రెండు నెలలు నడిచిన ట్యాంకు కావాలి. నీళ్ళు మార్చేది కొంచెం కొంచెమే, అదే వేడితో.

ఇక అసలు విషయం. నాకూ నీలాగే ఆత్రం ఉండేది. గుడ్లు కనబడగానే రాయి తీసి వేరే డబ్బాలో పెట్టేవాణ్ణి. పది పన్నెండు రోజులు తిరిగేసరికి అవి మళ్ళీ పెట్టేవి, నేను మళ్ళీ తీసేవాణ్ణి. ఆడచేప చిక్కి సగమైంది. ఒకసారి గుడ్లు పెట్టిన మర్నాడే నాలుగు రోజులు ఊరెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే రాయి ఖాళీ. తిట్టుకుంటూ ట్యాంకు కడగడానికి పైపు తీశాను. మీ అత్తయ్య ఆపింది: "ఆ మూల ఇసుక గుంటలో ఏదో వణుకుతోంది చూడండి" అని. వంగి చూస్తే తోకలు ఆడిస్తూ ముద్దగా పిల్లలు! తల్లీ తండ్రీ నోటితో మోసుకెళ్ళి అక్కడ దాచాయి. అంతకుముందు ఎన్నిసార్లు అలాంటి గుంటల్ని కడిగేశానో.

అందుకే చెబుతున్నాను. రాత్రికి రాత్రి రాయి ఖాళీ అయితే తినేసినట్టే. రెండో రోజు దాటాక ఖాళీ అయితే మాత్రం గుంటలు వెతుకు, పైపు ముట్టుకోకు. గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఆ తర్వాత నాలుగైదు రోజులకు పిల్లలు లేచి ఈదుతాయి. మధ్యలో తల్లీ తండ్రీ తెల్లబడిన గుడ్లు ఏరి తింటే కంగారు పడకు, బూజు మంచి గుడ్లకు పాకకుండా చేసే పనే అది. రాత్రి పూర్తిగా చీకటి చేయకుండా గదిలో చిన్న దీపం ఉంచు. కోరిడోరస్ అనే అడుగున తిరిగే చిన్న చేపలుంటే వేరే ట్యాంకుకు మార్చు. అవి చీకట్లో నేలంతా తడుముతూ గుడ్లు నాకేస్తాయి, నింద తల్లి మీద పడుతుంది.

ఐదారు విడతలు చూశాక కూడా తినేస్తుంటే అప్పుడు రాయి తియ్యి. అదే ట్యాంకు నీళ్ళు, పక్కన సన్నగా గాలి బుడగలు, గుడ్లకు బూజు పట్టకుండా కొద్ది చుక్కలు మిథిలీన్ బ్లూ మందు, తెల్ల గుడ్లు ఎప్పటికప్పుడు తీసేయడం. అంతే. కానీ అది ఆఖరి మార్గం.

తిండి దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజున తిండి వెతుక్కుంటే ఆలస్యమే. మైక్రోవార్మ్స్ అనే సన్నటి పురుగుల పెంపకం ఇవాళే మొదలుపెట్టు, సిద్ధం కావడానికి వారం పడుతుంది. ఆర్టీమియా అనే చిట్టి రొయ్యల గుడ్లు ఉప్పునీళ్ళలో ఒక రోజులో పొదుగుతాయి గనుక ముందే ఒకసారి పొదిగించి అలవాటు చేసుకో. మొదట వార్మ్స్, పిల్లలు కాస్త ఎదిగాక ఆర్టీమియా. రోజుకు మూడు నాలుగుసార్లు, కొద్దికొద్దిగా. ఆర్టీమియా తిన్నవాటి పొట్టలు నారింజ రంగులో కనబడతాయి, అదే నీకు లెక్క. తినగా మిగిలింది సాయంత్రానికి సన్న ట్యూబుతో పీల్చేయాలి. ఫిల్టర్ స్పాంజ్‌దే ఉండాలి, లేకపోతే ఒక్క రాత్రిలో పిల్లలన్నీ లోపలికి పోతాయి.

పొద్దుగూకే వేళ తండ్రి చేప దారి తప్పిన పిల్లల్ని ఒక్కొక్కటే నోట పట్టి గుంటలో ఉమ్మడం నువ్వు చూడాలి. తినేస్తోందని అరిచేవు సుమా! నేను అరిచాను.

గుడ్లు పెట్టాక వారం రోజులపాటు ట్యాంకులో చెయ్యి పెట్టకు, ఫోన్ కూడా పట్టుకెళ్ళకు. ఎనిమిదో రోజున ఫోటో పంపు, ఫ్లాష్ లేకుండా. పిల్లలు నిలబడితే ఒక ఆరు నాకు తీసిపెట్టు. మా జత ముసలిదైపోయింది.

మీ మామయ్య