శని గ్రహం బొమ్మ జిగ్సా పజిల్‌లో నల్ల ముక్కలు కుదరకపోతే
శని, వలయాలు కుదిరి నల్ల ఆకాశం దగ్గర ఆగిపోయారంటే, ఎక్కడో ఒక ముక్క తప్పు చోట ఇరుక్కుని ఉంటుందండీ. ఆ పజిల్ మీదున్నది ఫ్రెంచి చిత్రకారుడు ట్రూవెలో 1874లో టెలిస్కోపులో చూసి గీసిన శని బొమ్మ. ఆ నలుపులో రంగు చూసి వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

1. ముక్కల్ని ఆకారాన్ని బట్టి విడదీయండి. బుడిపెలు ఎదురెదురుగా ఉన్నవి ఒక పళ్లెంలో, పక్కపక్కన ఉన్నవి ఇంకో పళ్లెంలో.

2. అందరూ వదిలేసేది ఇదే: ఇప్పటికే పెట్టేసిన నల్ల ముక్కల్ని రెండేసి చొప్పున ఎత్తి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టండి. అతుకులోంచి సన్నగా వెలుతురు కనిపిస్తే అది తప్పుడు జోడీ, తీసేయండి. అంచు వరసనీ వదలొద్దు, దొంగ ఎక్కువగా అక్కడే దొరుకుతాడు.

3. వలయానికీ గోళానికీ మధ్య సందూ చీకటే. ఒకటీ అరా అక్కడివేమో చూడండి.

బెజవాడ ఉక్కకి అట్ట ఉబ్బుతుంది. గుద్ది ఎక్కించకండి, కాసేపు ఫ్యాను కింద ఆరనివ్వండి.