హిస్టరీ ఇంట్లో చెబితే అమ్మాయి వెనకబడుతుందా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక నాన్నగారు రాశారు. సొంతూరు ఫిరంగిపురం, అమ్మాయి ఎనిమిదో గ్రేడ్. బడిలో చర్చి గురించి ఎప్పుడూ చెడే చెబుతున్నారని, వచ్చే ఏడాది నుంచి ఇంట్లోనే చదివించి, అమెరికా చరిత్రను కతోలిక దృష్టితో చెప్పే పుస్తకాల సెట్ కొందామని భార్యాభర్తలు అనుకున్నారు. గుంటూరు నుంచి అమ్మమ్మ తాతయ్యలేమో "పిల్లను బడి మాన్పిస్తారా" అని రోజూ ఫోన్. రేపు కాలేజీ సీటుకు దెబ్బ తగులుతుందా, ఈ సెట్ మేలా, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్‌లోనే కాలేజీ స్థాయి చదువు, చివర పరీక్ష) యూఎస్ హిస్టరీ మేలా, కమ్యూనిటీ కాలేజీలో డ్యుయల్ క్రెడిట్ (హైస్కూల్‌కూ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే క్లాసు) మేలా అన్నది ఆయన ప్రశ్న.

సీటు గురించి టెన్షన్ పడకండి. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే లెక్కేస్తారు, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు ఇంట్లో చదివిన పిల్లలకు వేరే కొలత పెట్టకూడదని చట్టం కూడా ఉంది. అమ్మమ్మగారికి ఈ రెండు ముక్కలు చెప్పండి, సగం భయం తగ్గుతుంది.

కానీ మీ అసలు భయం సీటు కాదనిపిస్తోందండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి, అన్నీ సీటుతో మొదలై చివరికి ఒకే చోటికి చేరతాయి: పిల్ల పెద్దదై వేరే ఊరు వెళ్ళాక ఆదివారం పూజకు వెళ్ళడం మానేస్తుందేమోనని. ఆ భయం తప్పు కాదు. దానికి మందు ఆ పుస్తకాల సెట్‌లో దొరుకుతుందనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇప్పుడు అందరూ "క్లాసికల్" అని పేరు పెట్టిన సెట్ల వెంట పడుతున్నారు. అన్నీ ఒకలా ఉండవు, మంచివీ ఉన్నాయి. కానీ నేను తిరగేసిన కొన్నింటిలో 1649లో కెనడాలో ఫ్రెంచి గురువు ఫాదర్ బ్రెబ్యూఫ్ వేదసాక్షిగా (విశ్వాసం కోసం ప్రాణమిచ్చి) మరణించిన కథ పేజీలకు పేజీలు ఉంటుంది, 1838లో మేరీలాండ్ జెస్విట్ (యేసు సభ) గురువులు 272 మంది బానిసలను అమ్మి, ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకు కట్టిన సంగతి ఒక్క లైను కూడా ఉండదు. ఆ లైను మీ అమ్మాయి కాలేజీ మొదటి సెమిస్టర్‌లో ఎవరి నోటో వింటుంది. విన్న రోజు ఆమెకు కోపం వచ్చేది ఆ గురువుల మీద కాదు, దాచిపెట్టిన మీ మీద.

స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ గురువు హూనిపెరో సెర్రా సంగతే తీసుకోండి. 1769లో శాన్ డియేగోలో కాలిఫోర్నియా మొదటి మిషన్ (మూలవాసులను క్రైస్తవంలోకి తెచ్చే కేంద్రం) పెట్టారు, 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుల్లో చేర్చారు. ఆ మిషన్లలో మూలవాసులకు కొరడా దెబ్బలు ఉండేవి, వెళ్ళిపోయిన వాళ్ళను వెతికి తెచ్చేవారు. 1775లో కుమెయాయ్ ప్రజలు తిరగబడి శాన్ డియేగో మిషన్ తగలబెట్టి ఒక గురువును చంపేశారు. అప్పుడు సెర్రా, చంపినవాళ్ళకు మరణశిక్ష వేయవద్దని వైస్రాయ్‌ను వేడుకున్నారు. దెబ్బల సంగతి తీసేస్తే ఆ క్షమకు బరువు ఉండదు, క్షమ తీసేస్తే మనిషే అర్థం కాడు. పదమూడేళ్ళ పిల్ల ఈ రెండింటినీ కలిపి మోయగలదు, నమ్మండి.

అలాగని కతోలిక దృష్టి వద్దనడం లేదు, నాకది నిజంగా ఇష్టం. బడి పుస్తకం ఎక్కువగా ఇంగ్లిషువాళ్ళు వచ్చి స్థిరపడిన 1607 జేమ్స్‌టౌన్, 1620 మేఫ్లవర్ ఓడ చుట్టూ తిరుగుతుంది. ఈ వైపు నుంచి చూస్తే కథ 1531లో మెక్సికోలో దర్శనమిచ్చిందని చెప్పే గ్వాడలూపె మాత దగ్గర, 1565లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో జరిగిన పూజ దగ్గర మొదలవుతుంది, క్యూబెక్, మెక్సికో రెండూ లోపలికి వస్తాయి, మోహాక్ మూలవాసి అమ్మాయి, పునీతురాలు కటేరి టెకక్‌విత వస్తుంది. 1834లో బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో సిస్టర్ల మఠాన్ని అల్లరిమూక ఎందుకు తగలబెట్టిందో కూడా తెలుస్తుంది. ఇంకో మాట, 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్లు ఊళ్ళ నుంచి రాసిన ఉత్తరాలను పారిస్‌లో సంపుటాలుగా అచ్చేశారు, ఒకే వరుస పుస్తకాల్లో కెనడా అడవుల ఉత్తరాలూ ఉన్నాయి, మన పుంగనూరు వైపు కర్నాటిక్ మిషన్ ఉత్తరాలూ ఉన్నాయి. అమ్మాయికి ఆ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే సభ గురువులు రెండు చోట్లా జనాన్ని ఎలా చూశారో రాయమనండి. అలాంటి వ్యాసం అప్లికేషన్‌లో ఉంటే అది ఇంకెవరి దగ్గరా దొరకదు.

పోలిక అడిగారు కాబట్టి: నేనైతే ఇంట్లో పుస్తకాలతో పాటు పదకొండో గ్రేడ్‌లో డ్యుయల్ క్రెడిట్ చేయిస్తాను. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ కావాలంటే ఎలాగూ ఆరు క్రెడిట్ గంటల అమెరికా చరిత్ర చదవాల్సిందే, అది ముందే అయిపోతుంది, పైగా అమ్మానాన్న కాని మనిషి ఇచ్చిన గ్రేడ్ చేతిలో ఉంటుంది. ఏపీ కూడా మంచిదే, కాకపోతే బయటి పిల్లలను పరీక్షకు కూర్చోనిచ్చే హైస్కూల్ దగ్గరలో ఉందో లేదో ఆగస్టులోనే ఫోన్ చేసి కనుక్కోండి. సెట్ కొన్నా పర్లేదు, అదొక్కటే చాలనుకోకండి.

ఒక్క మాట గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ రెండు పేజీల ఉత్తరంలో సెట్ ధర మూడు సార్లు వచ్చింది, అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, బడి మానడం ఆమెకు ఇష్టమో కాదో ఒక్కసారి కూడా రాలేదు. స్నేహితులను వదులుకోవలసింది ఆమె కదా! సెట్ ఆర్డర్ ఇంకో నెల ఆపండి. ఈలోగా ముగ్గురూ శాన్ ఆంటోనియో వెళ్ళి రండి. 1718లో మొదలైన మిషన్, ఇప్పుడు అందరూ అలమో అనే చోటు, అక్కడే ఉంది, మిగతా నాలుగు మిషన్లలో ఈరోజుకీ ఆదివారం పూజ జరుగుతుంది. ఆ రాళ్ళు మోసిన కోవవిల్టెకన్ మూలవాసి జనం గురించి అమ్మాయి ఏం అడుగుతుందో వినండి, మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో, బడి సంగతి ఆమెను అడగండి. ఆమె చెప్పిన మాట ఉన్నదున్నట్టు నాకు రాయండి, అప్పుడు తొమ్మిదో గ్రేడ్ ప్లాన్ కలిసి వేద్దాం.